పంటు మీద లాప్‌టాప్, న్యూయార్క్‌లో ఒక వాక్యం

2022 మే 24న అమలాపురంలో గొడవలు జరిగాయి. కొత్తగా ఏర్పడ్డ కోనసీమ జిల్లాకు అంబేడ్కర్ పేరు పెట్టడాన్ని వ్యతిరేకిస్తూ మొదలైన నిరసన మంత్రి ఇల్లు, ఎమ్మెల్యే ఇల్లు తగలబెట్టేదాకా వెళ్లింది. ఆ వెంటనే జిల్లాలో ఇంటర్నెట్ ఆపేశారు, మా ఫోన్లలో డేటా ఆగిపోయింది. ఇళ్లు తగలబెట్టడం తప్పు, అందులో నాకు రెండో మాట లేదు. వాట్సాప్‌లో పుకార్లు ఎంత వేగంగా తిరుగుతాయో కూడా తెలుసు. అందుకే మొదటి రెండు రోజులు ఇంట్లో ఎవరం ఏమీ అనుకోలేదు. మూడో రోజు నుంచి మొదలైంది టెన్షన్.

మా ఊరు రాజోలు వైపు. నేనప్పటికి ఇంటి నుంచే హైదరాబాద్‌లో ఒక కంపెనీకి పని చేస్తున్నాను, ఇంట్లో వైరు నెట్ లేదు, ఫోన్ హాట్‌స్పాట్ మీదే అంతా నడిచేది. అవతలి గట్టున నరసాపురంలో నెట్ పనిచేస్తోందని ఎవరో చెప్పారు. ఇక రోజూ పొద్దున్నే లాప్‌టాప్ సంచీలో పెట్టుకుని సఖినేటిపల్లి రేవుకి వెళ్లడం, పంటు, అంటే మనుషుల్నీ బండ్లనీ దాటించే పెద్ద పడవ, ఎక్కి గోదావరి పాయ వశిష్ఠ దాటడం, నరసాపురంలో మా పెద్దమ్మ ఇంటి అరుగు మీద కూర్చుని పని చేసుకోవడం, సాయంత్రం మళ్లీ పంటు. రోహిణి కార్తె ఎండ. పంటు మీద నాలాంటి సంచీల వాళ్లు ఇంకా నలుగురైదుగురు కనిపించేవాళ్లు, ఏదో పరీక్షకి దరఖాస్తు పెట్టాలని సర్టిఫికెట్ల ఫైలు గుండెకు హత్తుకుని నిలబడ్డ ఒక అమ్మాయి కూడా. పంటు గట్టుకు దగ్గరవుతుంటే అందరం ఒకేసారి ఫోన్లు బయటికి తీసేవాళ్లం, సిగ్నల్ పక్కన ఆ చిన్న అక్షరాలు వచ్చాయా లేదా అని.

ఇటు ఊళ్లో పెట్రోలు బంకులో నోట్లు ఉన్నవాళ్లకే పెట్రోలు. అంబాజీపేట కొబ్బరి ధర ఏ రోజుకా రోజు ఫోన్‌లో చూసుకునే మా మావయ్య, వచ్చిన షావుకారు చెప్పిన ధరకే కాయ ఇచ్చేశాడు. ఎంత నష్టపోయాడో ఆయనకే తెలియదు, ఎందుకంటే పోల్చుకోవడానికి ఆ రోజు ధర ఎంతో ఎవరికీ తెలియదు. ఇలాంటి నష్టం ఏ లెక్కలోకీ రాదు.

ఇదంతా ఇప్పుడెందుకు రాస్తున్నానంటే, ఈ మధ్య ఐక్యరాజ్యసమితి వాళ్ల ఒక పత్రం మొత్తం కూర్చుని చదివాను. గ్లోబల్ డిజిటల్ కాంపాక్ట్ అంటారు. ఇంటర్నెట్టు, డేటా, కృత్రిమ మేధ లాంటి వాటి విషయంలో ప్రపంచ దేశాలు కలిసి ఒప్పుకున్న మాటల పత్రం. 2024 సెప్టెంబరు 22న న్యూయార్క్‌లో ఆమోదించారు, మన దేశం కూడా ఒప్పుకుంది. అందులో ఒకచోట ఉంది: ఇంటర్నెట్ నిలిపివేతలకు, ఇంటర్నెట్ అందకుండా చేసే చర్యలకు దూరంగా ఉంటామని. అక్కడ ఆగిపోయాను. ఆ వాక్యం చదువుతుంటే నాకు పంటు ఇంజిన్ చప్పుడు వినిపించింది.

ఆ పత్రం చట్టం కాదు, దాన్ని చూపించి ఎవరూ కోర్టులో గెలవలేరు. అయినా ఒక దేశం పదిమంది ముందు ఇచ్చిన మాటకి విలువ ఉంటుందని నేను నమ్ముతాను. నన్ను పట్టి పీడించిన ప్రశ్న వేరే. ఆ వాక్యం గురించి మన దేశం తన అభిప్రాయం తయారు చేసుకుంటున్నప్పుడు, ఆ గదిలో కూర్చున్నవాళ్లలో ఎవరికైనా సఖినేటిపల్లి రేవు గురించి తెలుసా? కోనసీమ గురించే అని కాదు, నెట్ ఆగినప్పుడు బతుకు ఎలా ఉంటుందో తెలిసిన మనిషి ఒక్కరైనా అక్కడ ఉన్నారా?

ఇలాంటి పత్రాలు ఎలా తయారవుతాయో కొంచెం చెబుతాను, చాలామందికి తెలియదు, నాకూ మొన్నటిదాకా తెలియదు. రెండు దేశాల రాయబారులకు బాధ్యత అప్పగిస్తారు. ఈ కాంపాక్ట్ బేరాలు నడిపింది స్వీడన్, జాంబియా. ముందు అందరి నుంచీ రాతపూర్వకంగా అభిప్రాయాలు తీసుకుంటారు, తర్వాత మొదటి ముసాయిదా, దాని మీద నెలల తరబడి బేరాలు. ఒక్కో మాట చుట్టూ బ్రాకెట్లు పెట్టి, ఏ దేశం ఒప్పుకుంది ఏ దేశం ఒప్పుకోలేదు అని చూసుకుంటూ పోతారు. మనలాంటి అభివృద్ధి చెందుతున్న దేశాలు జీ-77 అనే కూటమిగా కలిసి మాట్లాడతాయి, పేరులో 77 ఉన్నా ఇప్పుడు అందులో 130కి పైగా దేశాలున్నాయి. ముసాయిదా వచ్చాక మార్చగలిగేది తక్కువ. అసలు బలం అంతా మొదట్లోనే, ఎవరు ఏం రాసి పంపారన్న దాంట్లోనే ఉంటుంది.

2023లో ఈ కాంపాక్ట్ కోసం అభిప్రాయాలు అడిగినప్పుడు ప్రభుత్వాలే కాదు, సంస్థలు, మామూలు మనుషులు కూడా రాసి పంపొచ్చని పెట్టారు. ఏప్రిల్ 30 దాకా గడువు. అప్పటికి నేను పంటు ఎక్కి ఏడాది కూడా కాలేదు. చెప్పడానికి నా దగ్గర బోలెడంత ఉంది, అడుగుతున్నారన్న సంగతే తెలియలేదు. అది తలుచుకుంటే ఇప్పటికీ బాధగానే ఉంటుంది.

మన దేశానికి ఈ వ్యవహారం కొత్తేం కాదు. 2008 డిసెంబరులో ఇంటర్నెట్ పాలన మీద ఐక్యరాజ్యసమితి ఏటా జరిపే సదస్సు మన హైదరాబాద్‌లోనే జరిగింది, అందరికీ ఇంటర్నెట్ అన్నదే అప్పటి నినాదం. 2011లో ఇంటర్నెట్ విధానాల కోసం 50 దేశాలతో ఐక్యరాజ్యసమితిలో ఒక కమిటీ ఉండాలని మన దేశం ప్రతిపాదించింది, అది ముందుకు సాగలేదు. 2015కి వచ్చేసరికి ప్రభుత్వాలతో పాటు కంపెనీలు, నిపుణులు, పౌరులు అందరూ కలిసి కూర్చునే పద్ధతికే మా మద్దతు అని ప్రకటించింది. నాకు ఈ రెండో దారే నచ్చుతుంది. కాకపోతే పౌరులు అన్న మాటకి ఢిల్లీలో అర్థం ఏమిటన్నది చూడాలి. ఢిల్లీలో ఆఫీసు ఉండి, ఇంగ్లీషులో ఇరవై పేజీలు రాయగలిగిన సంస్థలే పౌరులైతే, మా లంకల్లో ఉండేవాళ్లు ఎవరు?

2023 సెప్టెంబరులో ఢిల్లీలో జీ-20 జరిగినప్పటి నుంచి మన దేశం ప్రపంచానికి ఒక మాట గట్టిగా చెబుతోంది, డిజిటల్ ప్రజా మౌలిక వసతులు అని. ఆధార్, యూపీఐ లాంటివి. రోడ్లు, కాలువలు ప్రభుత్వం వేసినట్టే గుర్తింపుకీ చెల్లింపులకీ అందరూ వాడుకునే ఒక పునాది ఉండాలి, దాని మీద ఎవరైనా ఏదైనా కట్టుకోవచ్చు అన్నది ఆ ఆలోచన. నిజంగా మంచి ఆలోచన. నరసాపురం రేవులో జామకాయలమ్మే ఆవిడ కూడా క్యూఆర్ కోడ్ అట్ట పెట్టుకుని కూర్చుంటోందంటే చిన్న విషయం కాదు, 2016 ఏప్రిల్‌లో యూపీఐ మొదలైనప్పుడు ఇలా అవుతుందని నేను ఊహించలేదు. ఈ ఆలోచన కాంపాక్ట్‌లోకీ ఎక్కింది. అక్కడిదాకా తీసుకెళ్లినందుకు నాకు గర్వంగానే ఉంది.

ఇప్పుడు మా పెద్దమ్మ చేతుల గురించి చెప్పాలి.

పెద్దమ్మ ఇరవై ఏళ్లకు పైగా రొయ్యల ప్లాంటులో తలలు తీసే పని చేసింది. పొద్దున్నుంచీ ఐసు ముక్కల్లో చేతులు. రొయ్య పెంకు, తల మీద ముల్లు, చల్లటి నీళ్లు. ఆమె వేళ్ల కొసలు చూస్తే గీతలు ఉండవు, నున్నగా అరిగిన నాణెంలా ఉంటాయి. రేషన్‌కి వేలు పెడితే మిషన్ ఒప్పుకోదు. ఒక వేలు, ఇంకో వేలు, చెయ్యి తుడుచుకుని మళ్లీ, కొబ్బరినూనె రాసి మళ్లీ. వెనకాల లైన్లో జనం గొణుగుతుంటారు. కొన్ని నెలలు బియ్యం లేకుండానే వెనక్కి వచ్చింది. "పోనీలేరా, వచ్చే నెల చూద్దాం" అనేది. ఆ మాట అనేటప్పుడు ఆమె ముఖంలో కోపం ఉండేది కాదు, సిగ్గు ఉండేది. తన వేళ్లదే తప్పన్నట్టు. అదే నాకు తట్టుకోలేనిది.

పెద్దమ్మ ఒక్కతే కాదు. కొబ్బరికాయ ఒలుపు పని చేసేవాళ్ల చేతులు చూడండి. రోజుకి వందల కాయలు ఒలిచేవాళ్లు, పీచు రాసుకుని రాసుకుని వేళ్లు గరుకుబారిపోతాయి. వరినాట్లు వేసే ఆడవాళ్లు, ఇటుకబట్టీల్లో పనిచేసేవాళ్లు. పని ఎంత ఎక్కువ చేస్తే వేలిముద్ర అంత తక్కువ పడుతుంది. కంటిపాపతోనో ముఖంతోనో చూసే ఏర్పాట్లు తర్వాత వచ్చాయి, అవి మేలే చేశాయి. 2018 సెప్టెంబరు 26న సుప్రీంకోర్టు ఇచ్చిన ఆధార్ తీర్పులో కూడా వేలిముద్ర కుదరలేదన్న కారణంతో అర్హులకు అందాల్సింది ఆగకూడదన్న మాట ఉంది. ఆ సంగతి పెద్దమ్మకి నేను చెప్పేదాకా తెలియదు. రేషన్ దగ్గర నిలబడ్డవాళ్లకి తెలుసో లేదో నాకు అనుమానమే.

ఇది మా ఊరి గొడవగా ఆగిపోయేది కాదు, నా అసలు బెంగ అక్కడే. ఆధార్ అనుభవంతో బెంగళూరు ఐఐఐటీలో 2018లో మోసిప్ అనే సాఫ్ట్‌వేర్ మొదలుపెట్టారు, ఏ దేశమైనా ఉచితంగా తీసుకుని తన ప్రజలకు గుర్తింపు వ్యవస్థ కట్టుకోవచ్చు. ఫిలిప్పీన్స్, మొరాకో, ఇథియోపియా లాంటి దేశాలు తీసుకున్నాయి. ఫిలిప్పీన్స్‌లో చేపలు, రొయ్యల మీద బతికే మనుషులు ఎంతమంది! అక్కడా ఐసులో చేతులు పెట్టే ఒక పెద్దమ్మ ఉంటుంది. మన దగ్గర నుంచి సాఫ్ట్‌వేర్ మాత్రం వెళ్లి, వేలిముద్ర పడనప్పుడు ఏం చెయ్యాలో పదిహేనేళ్లలో మనం నేర్చుకున్నది వెనకాలే వెళ్లకపోతే, ఆవిడ కూడా ఖాళీ సంచీతో ఇంటికి పోవాల్సి వస్తుంది. మనకి తెలిసి కూడా చెప్పకపోవడం అవుతుంది అది.

కాబట్టి మన దేశం ప్రపంచానికి పంపే కాగితంలో మనకు కుదిరినవే కాకుండా కుదరనివి కూడా ఉండాలని నేను కోరుకుంటున్నాను. దీనివల్ల పరువు పోతుందని కొందరు అనుకోవచ్చు. నాకలా అనిపించదు. కొత్త విత్తనం తెచ్చుకునే రైతు, దాని గురించి అమ్మినవాణ్ని కాకుండా పక్క చేలో వేసినవాణ్ని అడుగుతాడు. దిగుబడి ఎంతో చెప్పి, ఏ తెగులు వచ్చిందో కూడా చెప్పేవాడి మాటే నమ్ముతాడు. ఇథియోపియా అయినా అంతే.

నెట్ ఆపే విషయంలో కూడా చెప్పడానికి మా దగ్గరే ఒక పద్ధతి ఉంది. డెల్టాలో ఏటా వేసవిలో కాలువలు కట్టేస్తారు, మరమ్మతుల కోసం. ఏ తేదీన కట్టేస్తారో, మళ్లీ ఎప్పుడు వదులుతారో ముందే చెబుతారు. పేపర్లో వస్తుంది, ఊళ్లో చెరువులు నింపుకుంటారు, రైతు దాన్ని బట్టి నారు పోసుకుంటాడు. ఒక్కోసారి తేదీలు మారతాయి, దాని మీద గొడవలూ అవుతాయి, కానీ అడగడానికి ఒక తేదీ ఉంది, అడిగితే చెప్పాల్సిన మనిషి ఉన్నాడు. 2022లో మాకు నెట్ గురించి అలాంటిదేమీ లేదు. రేపు వస్తుందంట, ఎల్లుండి అంట. మా వైపు వారం దాటింది. 2020 జనవరి 10న, కశ్మీర్‌లో ఇంటర్నెట్ ఆపడం మీద వేసిన అనురాధా భసీన్ కేసులో సుప్రీంకోర్టు స్పష్టంగా చెప్పింది, ఇంటర్నెట్ ఆపే ఉత్తర్వులను బయటపెట్టాలి, గడువు లేకుండా ఆపకూడదు అని. మా నెట్ ఆపిన ఉత్తర్వు కోసం నేను పెద్దమ్మ అరుగు మీద కూర్చుని వెతికాను, నాకు దొరకలేదు. గొడవలు ఆపడానికి కొన్ని గంటలో ఒకటి రెండు రోజులో ఆపడం తప్పదంటే, వాదించొచ్చు, నేను వింటాను. ఎన్ని రోజులో, ఏ కారణంతోనో, ఎవరు సంతకం పెట్టారో రేవులో బోర్డు మీద అంటించడానికి మాత్రం అడ్డేముంది?

ఇంకో బాధ భాష. 2018 ఫిబ్రవరిలో ఒక తెలుగు అక్షరం వల్ల ఐఫోన్లు ఆగిపోయాయని వార్త వచ్చింది, గుర్తుందా? అక్షరం జ్ఞా. జ్ఞానంలో జ్ఞా. మెసేజ్‌లో ఆ అక్షరం వస్తే ఆ యాప్ కుప్పకూలిపోయేది. కొద్ది రోజుల్లో సరిచేశారు. కోట్లమంది రాసే భాషలో, బళ్లో చిన్నప్పుడే నేర్చుకునే అక్షరాన్ని విడుదలకు ముందు ఎవరూ సరిగ్గా పరీక్షించి చూడలేదన్నమాట. విధానాల్లోనూ మా పరిస్థితి అదే. 2023లో వచ్చిన వ్యక్తిగత డేటా రక్షణ చట్టంలో ఒక మంచి మాట ఉంది: మన డేటా తీసుకునేవాళ్లు అనుమతి అడిగే నోటీసుని ఇంగ్లీషులో గానీ రాజ్యాంగం ఎనిమిదో షెడ్యూలులోని 22 భాషల్లో మనం కోరుకున్న దాంట్లో గానీ చదువుకునే వీలు ఇవ్వాలి. అంటే ఆ చట్టం ప్రకారం తెలుగులో అడిగే హక్కు నాకుంటుంది. కానీ ఆ చట్టానికి నియమాల ముసాయిదా 2025 జనవరి 3న వచ్చినప్పుడు గెజిట్‌లో హిందీలో, ఇంగ్లీషులో ఉంది. నేను చదివి, మా ఊళ్లో మీసేవ నడిపే అన్నకి తెలుగులో చెప్పి, ఇద్దరం కలిసి ఒక అభిప్రాయం రాసి ప్రభుత్వ పోర్టల్‌లో పెట్టాం. జనం వేలిముద్రలు, ఆధార్ నకళ్లు, ఫోన్ నంబర్లు రోజూ ఆయన చేతుల మీదుగానే వెళ్తాయి, ఆయనకి తెలిసినంత మరి ఎవరికి తెలుస్తుంది? పద్దెనిమిదేళ్ల లోపు పిల్లల డేటాకి తల్లిదండ్రుల అనుమతి ఉండాలన్న దగ్గర ఆయన అడిగిన ప్రశ్న నాకు తట్టనే లేదు: "అమ్మా నాన్నా గల్ఫ్‌లో ఉండి, అమ్మమ్మ దగ్గర పెరిగే పిల్లల సంగతేంటి తమ్ముడూ? మన ఊళ్లోనే ఎంతమంది ఉన్నారు?" కోనసీమ నుంచి కువైట్, దుబాయ్ వెళ్లిన ఆడవాళ్లు ఎంతమందో తెలిసినవాడికే ఆ ప్రశ్న వస్తుంది.

అలా పంపిన అభిప్రాయాలు బయటపెట్టబోమని అప్పుడే ప్రకటనలో రాశారు. జనం భయం లేకుండా రాయడానికి అని కారణం చెప్పారు. నాకది నచ్చలేదు. టెలికాం నియంత్రణ సంస్థ ట్రాయ్ తనకొచ్చిన అభిప్రాయాలను బయటపెడుతుంది, వాటి మీద ఎదుటివాళ్ల జవాబులు కూడా. 2015లో నెట్ అందరికీ ఒకేలా ఉండాలా, కొన్ని యాప్‌లకి వేరే ధర పెట్టొచ్చా అని ట్రాయ్ అడిగితే 10 లక్షలకు పైగా ఈమెయిళ్లు వెళ్లాయి. వాటిని బయటపెట్టినప్పుడు పంపినవాళ్ల మెయిల్ చిరునామాలు కూడా బయటపడ్డాయి, అది పొరపాటే, చిరునామాలు తీసేసి పెట్టాల్సింది. కానీ చివరికి ఏమైంది? 2016 ఫిబ్రవరి 8న, కంటెంట్‌ని బట్టి డేటాకి వేరు వేరు ధరలు పెట్టకూడదని నిబంధన వచ్చింది, కొన్ని సైట్లు మాత్రమే ఉచితంగా చూపించే ఫేస్‌బుక్ ఫ్రీ బేసిక్స్ ఇక్కడ ఆగిపోయింది. ప్రపంచమంతా దాని గురించి మాట్లాడుకుంది. మామూలు జనం రాస్తే మన దేశ విధానం మారింది, అది మిగతా దేశాలకీ ఉదాహరణ అయింది. డిజిటల్ విధానంలో మన దేశం ప్రపంచానికి ఇచ్చిన వాటిల్లో నా దృష్టిలో దీనికి యూపీఐతో సమానమైన చోటు ఉండాలి.

మాకు నెట్ కొత్త కాదు కూడా. మా పక్కన మోరి గ్రామంలోనే 2016 డిసెంబరు 29న రాష్ట్ర ఫైబర్ నెట్ మొదలుపెట్టారు, నెలకి 149 రూపాయలకి ఇంటింటికీ. ఇప్పుడు వాట్సాప్‌లోనే సర్టిఫికెట్లు తీసుకునే మన మిత్ర కూడా వచ్చింది, 2025 జనవరి 30న. ప్రయోగాలన్నీ ముందు మా దగ్గర జరుగుతాయి. జరిగాక ఎలా ఉందని మమ్మల్ని అడగడం ఒక్కటే మిగిలింది.

ఐక్యరాజ్యసమితి 82వ సమావేశాల్లో ఈ కాంపాక్ట్‌ని సమీక్షిస్తారు, అంటే 2027 సెప్టెంబరు తర్వాత. దేశాలు ఏం చేశాయో చెప్పుకోవాలి, ఇంకేం మార్చాలో అడగాలి. మన దేశం తన కాగితం ఆ నెలలో రాయదు, అంతకు చాలా ముందు నుంచే తయారవుతుంది. శివారు పొలానికి నీళ్లు రావాలంటే చేలు బీటలు వారాక కలెక్టరాఫీసు ముందు కూర్చుంటే లాభం లేదని అల్లవరం రైతులకి చెప్పక్కర్లేదు, కాలువ వదిలే ముందే పూడిక తీయించుకోవాలి.

నేను మొదలుపెట్టేశాను. ఒక రెండొందల పేజీల నోటుపుస్తకం కొన్నాను. మీసేవ అన్న, నేను, ఇంకో ఇద్దరు టీచర్లు ఆదివారాలు ఊరి లైబ్రరీలో కూర్చుంటున్నాం. 2022లో నెట్ ఆగినప్పుడు ఎవరికి ఏం నష్టం జరిగింది, వేలిముద్ర పడక ఎన్నిసార్లు వెనక్కి వచ్చారు, ఫోన్‌లో ఏ నోటీసు అర్థం కాకుండా ఒప్పుకున్నారు, ఇవే అడుగుతున్నాం. తేదీ, ఊరు, జరిగింది జరిగినట్టు, చెప్పినవాళ్ల మాటల్లోనే. పేర్లు రాయడం లేదు. రాసింది చదివి వినిపించి, సరేనన్నాకే పుస్తకంలో ఉంచుతున్నాం. తర్వాత ఇంగ్లీషులోకి మారుస్తాం, తెలుగు ప్రతి కూడా దానికి జత చేసే పంపుతాం, అడిగినా అడగకపోయినా.

మొదటి పేజీ పెద్దమ్మది. పంటు మీద వచ్చింది, నరసాపురం నుంచి, ఒక్కతే. తను చెప్పింది రాసి చదివి వినిపిస్తే అంతా విని, "ఐసులో అని రాశావు, ఐసునీళ్లలో అని రాయి. ఐసు కంటే ఆ నీళ్లే కోస్తాయి" అంది. దిద్దాను.